తెలుగులో మానవాతీత ధారావాహికలు

దెయ్యం, శాపం, పునర్జన్మ, జరగబోయేది ముందే తెలియడం వంటి లోకరీతికి అందని ఘటన ఏదో ఒకటి కథకు ఇరుసుగా నిలిచే టెలివిజన్ నాటకమే మానవాతీత ధారావాహిక. ప్రేక్షకులు వీటన్నిటినీ కలిపి దెయ్యాల సీరియళ్లనే అంటారు గానీ, దెయ్యం ఊసే లేనివీ వీటిలో చాలా ఉన్నాయి. తెలుగులో ఇవి రెండు తోవల్లో నడిచాయి. మొదటిది ఏళ్ల తరబడి సాగే రోజువారీ సీరియల్. అందులో మానవాతీత శక్తి కుటుంబ కలహాల కథకు అదనపు దినుసు మాత్రమే. రెండోది ఆరు నుంచి ఎనిమిది భాగాల్లో ముగిసిపోయే చిన్న ధారావాహిక. అందులో ఆ శక్తి లేకపోతే కథే లేదు. ఈ రెండో తోవ 2020 తర్వాతే స్పష్టమైన రూపు కట్టింది. విక్రమ్ కె. కుమార్ రూపొందించిన ‘దూత’ (2023) అందులో ఎక్కువ మంది చూసిన వాటిలో ఒకటి. పనితనంలోనూ మిగతావాటికన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది.

పత్రికల నాటి పునాది

భాగం భాగంగా ఆగి ఆగి భయపెట్టే కథ తెలుగువారికి టెలివిజన్‌తో రాలేదు. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి ప్రారంభించిన ‘చందమామ’ బేతాళ కథలను పిల్లలకూ పెద్దలకూ అలవాటు చేసింది. సంస్కృతంలోని బేతాళ పంచవింశతిలో కథలు పాతికే. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు జవాబు చెప్పగానే మౌనభంగమై బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ఎప్పుడో ఒకప్పుడు జవాబు దొరకని ప్రశ్న వచ్చి ఈ రాకపోకలు ఆగాలన్నది ఆ కథనంలోనే ఉన్న ఏర్పాటు. ‘చందమామ’ ఆ ముగింపును పక్కనపెట్టి, చట్రాన్ని మాత్రం ఉంచుకుని, దశాబ్దాల పాటు కొత్త కథలు నింపుతూ పోయింది. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’ వంటి జానపద ధారావాహికలు ఇందుకు భిన్నమైనవి. నెలకొక మలుపుతో నడిచినా అవి ఒక గమ్యం పెట్టుకుని అక్కడికి చేరి ఆగేవి. తర్వాతి కాలపు తెలుగు టెలివిజన్‌లో కనిపించే రెండు తోవలకూ పూర్వరూపాలు ఇలా ఒకే పత్రికలో దొరుకుతాయి.

పెద్దల పాఠకలోకంలో ఇలా ఆగి ఆగి భయపెట్టే పని చేసినవాడు యండమూరి వీరేంద్రనాథ్. ఆయన ‘తులసిదళం’ 1980ల తొలినాళ్లలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి విపరీతంగా చదివించింది. తులసి అనే చిన్నపిల్ల మీద ప్రయోగించిన చేతబడి, ఆమెను కాపాడాలని ఒకవైపు వైద్యులు, మరోవైపు మాంత్రికులు చేసే ప్రయత్నాలు, ఏది పనిచేసిందో తేల్చుకోలేని పాఠకుడి సందిగ్ధం ఈ నవలకు బలం. దీనికి కొనసాగింపుగా ‘తులసి’ వచ్చింది. ఆ ఆదరణకు దీటుగానే వ్యతిరేకతా వచ్చింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ పేరుతో ఏకంగా ఒక విమర్శ గ్రంథమే రాశారు. చేతబడి నిజమేమోననిపించే కథ సమాజానికి చేసే హాని ఎంత అన్న తగాదా అప్పుడు మొదలై ఇప్పటికీ తెగలేదు. వారం ఆగితే గానీ తెలియని ముగింపు కోసం ఇంటిల్లిపాదీ పత్రికను పంచుకు చదవడం మాత్రం ఆ తరానికి బాగా గుర్తు.

పెట్టె వచ్చిన తర్వాత

తెలుగు టెలివిజన్ చరిత్రలో సికింద్రాబాద్ పక్కనున్న కాప్రా ప్రాంతానికి ఒక చోటుంది, అయితే అది కథలు పుట్టించినందుకు కాదు, పెట్టెలు తయారుచేసినందుకు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఇక్కడిదే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు నేరుగా అందాయి. వాటికి కావలసిన రిసీవర్లు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఆ తర్వాత ఆ సంస్థదే ఈసీ టీవీ మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. చాలా తెలుగు ఇళ్లలో మొదటి టీవీ అదే. సైట్ కార్యక్రమాల్లో సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు, విజ్ఞానం ఉండేవి. మూఢనమ్మకాలు పోగొట్టే సాధనంగా పల్లెకు వచ్చిన పెట్టె పాతికేళ్లు తిరగకముందే నాగకన్యలకూ ఆత్మలకూ ఆలవాలమవుతుందని ఆనాటి ప్రణాళికాకర్తలు అనుకుని ఉండరు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. తెలుగు ప్రేక్షకులు టీవీలో తొలినాళ్లలో చూసిన మానవాతీత ధారావాహిక మాత్రం హిందీది. 1985లో జాతీయ ప్రసారంలో వచ్చిన రామానంద్ సాగర్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ పాతిక పైచిలుకు భాగాల్లో ముగిసింది. అందులో విక్రముడిగా వేసిన అరుణ్ గోవిల్ రెండేళ్లకు ‘రామాయణ్’లో రాముడయ్యాడు. బేతాళుడి ఎగురుడు ఇప్పుడు చూస్తే నవ్వు తెప్పిస్తుంది గానీ, కథకు లెక్క ముందే తేలి ఉండటం వల్ల ఏ భాగానికా భాగం పూర్తయిన తృప్తినిచ్చేది.

1995లో ఈటీవీ, జెమిని వంటి ప్రైవేటు చానళ్లు రావడంతో తెలుగు సీరియళ్లకు వేదిక దొరికింది. తొలినాళ్లలో వారానికొక భాగం పద్ధతే ఎక్కువ. 1990ల చివర ఈటీవీలో వచ్చిన ‘అన్వేషిత’ ఈ కోవకు చెందిన గట్టి ప్రయత్నం. అచ్యుత్, యమున ప్రధాన పాత్రలు ధరించిన ఈ సీరియల్ అపరాధ పరిశోధననూ మానవాతీత వాతావరణాన్నీ కలిపి నడిపింది. అచ్యుత్ 2002లో చిన్న వయసులోనే మరణించాడు. ఆ తరం ప్రేక్షకులు ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ఈ సీరియల్ పేరు వస్తుంది. అదే కాలంలో పొరుగున తమిళంలో కె. బాలచందర్ సంస్థ నిర్మించగా నాగా దర్శకత్వం వహించిన ‘మర్మదేశం’ ఇంకా పకడ్బందీ పద్ధతి పాటించింది. ఇందిరా సౌందర్‌రాజన్ రాసిన వేర్వేరు కథలను అదే పేరు కింద ఒకదాని తర్వాత ఒకటిగా ప్రసారం చేశారు. ఒక కథ ముగిశాకే ఇంకొకటి. గుడి, గ్రామదేవత, సిద్ధవైద్యం వంటి స్థానిక విషయాల నుంచి రహస్యాన్ని అల్లి, చివరకు దాన్ని విప్పిచూపడం ఆ ధారావాహిక ఒరవడి. తెలుగులో అలాంటి వరుస ఏదీ నిలదొక్కుకోలేదు.

రోజువారీ సీరియల్‌లో భయం

2000 తర్వాత తెలుగు చానళ్లు దాదాపు పూర్తిగా రోజువారీ సీరియళ్లకు మారాయి. సోమవారం నుంచి శుక్రవారం వరకో శనివారం వరకో అరగంట స్లాటు, ప్రకటనలు పోను ఇరవై నిమిషాల చిల్లర కథ, వారం వారం టీఆర్పీ అంకెలు. రేటింగు ఉన్నంతకాలం సీరియల్ ఆగదు, పడిపోతే మధ్యలోనైనా ఆగిపోతుంది. రెండింటిలో ఏది జరిగినా మానవాతీత కథకు నష్టమే. తెలియనిది అలవాటు కానంతసేపే భయం పనిచేస్తుంది. రోజూ ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చే ఆత్మ నెల తిరిగేసరికి చుట్టమైపోతుంది. గ్రాఫిక్స్ ఖర్చు మరో అడ్డంకి. సినిమాలో రెండు నిమిషాలు కనిపించే పాము రోజువారీ సీరియల్‌లో వారానికి ఐదుసార్లు కనిపించాలి, అదీ చిన్న బడ్జెట్‌లో.

ఈ ఇబ్బందిని దాటడానికి సీరియళ్లు పట్టుకున్న ఉపాయం, మానవాతీతాన్ని కుటుంబకథకు పనిముట్టుగా మార్చడం. 2020 మార్చిలో జీ తెలుగులో మొదలైన ‘త్రినయని’ నాయికకు జరగబోయే ఆపదలు ముందే కనిపిస్తాయి. చిన్న ధారావాహికలో అయితే ఆ చూపు ఒక నాటకాన్ని నడిపి ముగిసేది. ఇక్కడ అది ఇంట్లోవాళ్ల పన్నాగాలను పసిగట్టడానికి పనికొచ్చి వెయ్యికి పైగా భాగాలు నడిచింది. జనాదరణ కొలతతో చూస్తే ఇది విజయమే. అదే సంవత్సరం అదే చానల్లో వచ్చిన ‘నాగభైరవి’ నాగజాతి కథను ఎత్తుకుంది. దీనికి ముందు, 2015లో హిందీలో మొదలైన ఏక్తా కపూర్ ‘నాగిన్’ తెలుగు అనువాదం ఆ రుచి పుట్టించి పెట్టింది. ‘నాగిన్’ను హిందీలో వారాంతాల్లో మాత్రమే, సీజన్ల వారీగా వేశారన్నది ఇక్కడ గమనించదగ్గది. కథకు విరామం ఇవ్వాల్సిన అవసరాన్ని అంత పెద్ద సీరియల్ సంస్థే గుర్తించింది.

దూత

విక్రమ్ కె. కుమార్‌కు టెలివిజన్ దెయ్యంతో పాత పరిచయమే. 2009లో తమిళంలో ‘యావరుం నలం’గా, హిందీలో ‘13బి’గా ఆయన తీసిన చిత్రంలో ఒక ఉమ్మడి కుటుంబం కొత్త ఫ్లాటులోకి దిగుతుంది. ఇంట్లో ఆడవాళ్లు చూసే సీరియల్‌లో ఏం జరిగితే అదే ఆ ఇంట్లో జరుగుతూ వస్తుంది. మాధవన్ నటించిన ఆ చిత్రంలో భయమంతా టీవీ పెట్టెలోంచి పుట్టింది. పద్నాలుగేళ్ల తర్వాత అదే దర్శకుడు, టీవీకి బదులు వార్తాపత్రికను తీసుకుని, ఈసారి ఆ కథను ధారావాహికగానే చెప్పాడు.

శరత్ మరార్ నార్త్‌స్టార్ ఎంటర్‌టైన్‌మెంట్ తరఫున నిర్మించిన ‘దూత’ 2023 డిసెంబర్ 1న అమెజాన్ ప్రైమ్ వీడియోలో విడుదలైంది. మొత్తం ఎనిమిది భాగాలు, అన్నీ ఒకేసారి. ‘మనం’ (2014), ‘థాంక్యూ’ (2022) తర్వాత విక్రమ్ కుమార్‌తో మళ్లీ కలిసిన నాగచైతన్యకు ఇది తొలి ధారావాహిక. పార్వతి తిరువోతు, ప్రియా భవానీ శంకర్, ప్రాచీ దేశాయ్, పశుపతి, రవీంద్ర విజయ్ ఇతర ముఖ్య పాత్రలు వేశారు. ఛాయాగ్రహణం పోలండ్‌కు చెందిన మికొలాయ్ సిగువా, కూర్పు నవీన్ నూలి, నేపథ్య సంగీతం ఇషాన్ ఛాబ్రా.

కథ విశాఖపట్నంలో జరుగుతుంది. సాగర్ వర్మ అవధూరి ‘సమాచార్’ అనే పత్రికకు అప్పుడే ప్రధాన సంపాదకుడైన పాత్రికేయుడు. ఒక వానరాత్రి కుటుంబంతో కారులో వెళుతూ దాబా దగ్గర ఆగినప్పుడు చేతికొచ్చిన పాత పేపర్ ముక్కలో తనకు జరగబోయేది ఉంటుంది. అది మొదలు, వార్తగానో కార్టూన్‌గానో పదకేళిగానో ఎక్కడెక్కడివో పేపర్ ముక్కలు రాబోయే చావులను చెబుతుంటాయి. అవి ఎప్పుడో మూతపడ్డ ‘దూత’ అనే పత్రికవని మెల్లగా తెలుస్తుంది. చనిపోతున్నవారిలో పాత్రికేయులు ఎక్కువ. పోలీసు అధికారి క్రాంతి షెనాయ్, పార్వతి వేసిన పాత్ర, ఇదే దారిని వేరే చివర నుంచి తవ్వుకుంటూ వస్తుంది. మధ్యలో కథ కొన్ని దశాబ్దాలు వెనక్కి వెళ్లి, ‘దూత’ను నడిపిన సత్యమూర్తి దగ్గరికి చేరుతుంది. ఆ పాత్ర పశుపతిది. ముగింపును ఇక్కడ విప్పడం అనవసరం గానీ, ఈ మరణాలకు పత్రికావృత్తిలోని అవినీతితో లంకె ఉందని, నాయకుడూ అందుకు మినహాయింపు కాడని చెబితే చాలు. తెలుగు తెరమీద నాయకుడు ఇంత మచ్చపడ్డవాడుగా మొదలవడం అరుదు.

ఈ ధారావాహిక సత్తా ఎక్కువగా ఎన్నుకున్న వస్తువులో ఉంది. వార్తాపత్రిక తెలుగు జీవితంలో చదివి పారేసే వస్తువు కాదు. అలమరలో పరుచుకునేది, మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చేది, కిలోల లెక్కన అమ్మేది. పొట్లం విప్పి అందులోని సగం వార్త చదవడం అందరికీ ఉన్న అలవాటే. ఆ సగం వార్త మన గురించే అయితే అన్న ఊహకు వివరణ అక్కరలేదు. 2023 నాటికి వార్త చాలామందికి ఫోన్‌లో చదివేదిగా మారిపోవడంతో, కాగితం మీద అచ్చయిన మాటకు పోయిన కాలపు బరువు కూడా తోడైంది. పైగా కథంతా దాదాపు వానలోనే నడుస్తుంది. తడిసి చిరిగే కాగితం, కారు అద్దం మీద నీటి చారలు, వీధి దీపాల కింద నల్లటి రోడ్డు కలిసి ఒకే మనఃస్థితిని ఎనిమిది భాగాలూ పట్టి ఉంచుతాయి. ఇంత ఎడతెగని వాన రోజువారీ సీరియల్‌కు ఆర్థికంగా అందేది కాదు.

లోపాలూ ఉన్నాయి. మొదటి నాలుగు భాగాల్లో ఊపిరి సలపనివ్వని కథ, గతం విప్పడం మొదలెట్టాక వివరణల బరువు మోస్తుంది. ఎవరు ఎందుకు చనిపోవాలో లెక్క అప్పజెప్పే తొందరలో భయం కొంత జారిపోతుంది. యాదృచ్ఛికాలు మరీ ఎక్కువ. అయినా అనుకున్న చోట ఆగడం వల్ల ఆ బరువు భరించదగ్గదిగానే మిగిలింది.

రేపటి వార్త ఇవాళే తెలియడమన్నది ప్రపంచ సినిమాకు కొత్త కాదు. రెనే క్లేర్ తీసిన ‘ఇట్ హాపెన్డ్ టుమారో’ (1944)లో ఒక విలేకరికి మరునాటి పత్రిక దొరుకుతుంది. అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన ‘ఎర్లీ ఎడిషన్’ (1996–2000)లో షికాగో యువకుడి గుమ్మంలో రోజూ మరుసటి రోజు పేపర్ పడుతుంది, అతను పరుగెత్తి ప్రాణాలు కాపాడుతుంటాడు. అక్కడ పత్రిక అవకాశం. ‘దూత’లో అది తీర్పు, తప్పించుకునే సందు చాలా చిన్నది. కర్మఫలం గురించి విని పెరిగిన ప్రేక్షకులకు ఈ రెండోదే దగ్గరగా అనిపించడం సహజం. మానవాతీతాన్ని వెంటాడే విలేకరి కూడా పాతవాడే. 1974–75లో ఏబీసీ వేసిన ‘కోల్‌చాక్: ది నైట్ స్టాకర్’ ఇరవై భాగాలకే ఆగిపోయింది. కానీ రెండు దశాబ్దాల తర్వాత ‘ది ఎక్స్-ఫైల్స్’ సృష్టికర్త క్రిస్ కార్టర్ తనకు ప్రేరణ అదేనని చెప్పాడు. అల్పాయుష్షు ధారావాహికలు కొన్నిసార్లు దీర్ఘాయువు ఉన్నవాటి కన్నా ఎక్కువ సంతానాన్ని కంటాయి.

మిగిలిన చిన్న ధారావాహికలు

‘దూత’కు ముందే దారి వేసినది ఆహా అనే ఓటీటీ వేదిక. 2021 జూలై 16న వచ్చిన ‘కుడి ఎడమైతే’లో పవన్ కుమార్ ఒకే రోజును పదేపదే తిప్పాడు. అమలా పాల్ వేసిన పోలీసు అధికారి, రాహుల్ విజయ్ వేసిన డెలివరీ కుర్రాడు ఆ వలయంలో చిక్కుకుంటారు. దెయ్యం లేదు, కానీ కాలం దెయ్యంలా పట్టుకుంటుంది. మరుసటి ఏడాది జూలై 1న అదే వేదిక మీద పల్లవి గంగిరెడ్డి దర్శకత్వంలో ‘అన్యాస్ ట్యుటోరియల్’ వచ్చింది. ఆర్కా మీడియా నిర్మించిన ఈ ఏడు భాగాల కథలో, ఇంట్లోంచి వీడియోలు ప్రసారం చేసే అమ్మాయి కెమెరా ముందుకు ఇంకేదో వస్తుంది. నివేదిత సతీష్ చెల్లెలుగా, రెజీనా కసాండ్రా అక్కగా నటించారు. భయాన్ని ఒక ఫ్లాటు, ఒక ఫోన్ తెర మధ్య బంధించడం దాని ప్రత్యేకత.

‘రాజు గారి గది’ చిత్రాల ఓంకార్ 2023 అక్టోబర్ 17న హాట్‌స్టార్‌కు ఇచ్చిన ‘మాన్షన్ 24’ ఆరు భాగాలది. కనిపించకుండా పోయిన తండ్రిని వెతుక్కుంటూ పాడుబడ్డ భవంతికి వచ్చిన అమృతగా వరలక్ష్మి శరత్‌కుమార్, తండ్రిగా సత్యరాజ్ నటించారు. ఒక్కో గది వెనక ఒక్కో కథ. కథలో కథ చెప్పే ఈ పద్ధతి బేతాళుడి వారసత్వమే. గదుల కథల్లో బలమైనవి, పేలవమైనవి రెండూ ఉన్నాయి. 2025లో జియో హాట్‌స్టార్‌లో రీతూ వర్మ నటించిన ‘దేవిక అండ్ డానీ’ ఆత్మను ప్రేమకథలోకి తెచ్చి భయం పాలు తగ్గించింది. అదే ఏడాది జూన్ చివర జీ5లో వచ్చిన ‘విరాటపాలెం: పీసీ మీనా రిపోర్టింగ్’లో పెళ్లిళ్లకు శాపం తగిలిందని నమ్మే ఊరికి ఒక మహిళా కానిస్టేబుల్ వస్తుంది. ఊరి నమ్మకానికీ పోలీసు విచారణకూ మధ్య పెనుగులాట దాని కథ.

నిబంధనలు

టీవీ ప్రసారాలకు వర్తించే కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు (1994) మూఢనమ్మకాలను, గుడ్డి విశ్వాసాలను ప్రోత్సహించే కార్యక్రమాలను నిషేధించాయి. ప్రైవేటు వినోద చానళ్ల మీద వచ్చే ఫిర్యాదులను వినడానికి 2011లో పరిశ్రమే బ్రాడ్‌కాస్టింగ్ కంటెంట్ కంప్లెయింట్స్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసుకుంది. ఆచరణలో ఏ కథ మూఢనమ్మకాన్ని చూపిస్తోంది, ఏది ప్రోత్సహిస్తోంది అన్నది తేల్చడం కష్టం. ‘ఈ కథ కల్పితం’ అన్న పలక మొదట్లో వేసి ముందుకు పోవడం చానళ్ల వాడుక. చేతబడి, బాణామతి అనుమానాలతో మనుషులను చంపిన ఘటనలు తెలుగు జిల్లాల్లో ఉన్నందున ఈ ప్రశ్నను కేవలం సాహిత్య విమర్శకు వదిలేయడం కుదరదు. ఓటీటీ వేదికలు ఈ కేబుల్ నిబంధనల కిందకు రావు. వాటికి 2021 ఫిబ్రవరిలో వెలువడిన సమాచార సాంకేతిక నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం ప్రతి ధారావాహికకూ వయసును బట్టి యు, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అనే ముద్రల్లో ఒకటి వేయాలి, ఫిర్యాదులు వినే అధికారిని నియమించుకోవాలి. విడుదలకు ముందు సెన్సారు బోర్డుకు చూపవలసిన పని లేదు.